రెండు పాస్‌పోర్టులు, ఒక రబ్బరు బ్యాండు

ఈ వాదన జరిగింది హనోయ్ పాతబస్తీలో, పేవ్‌మెంటు మీద వేసిన జానెడు ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్ల మీద. మా వియత్నాం ప్రయాణం మొత్తం 35 రోజులు; ఆ రోజు పదమూడోది. మర్నాడు సాయంత్రం దక్షిణాన ఉన్న హుయే వెళ్లే రాత్రి రైలుకు రెండు బెర్తులు కొని పెట్టుకున్నాం. సరిగ్గా అప్పుడు తమ్ముడు, ఆరు రోజుల పాటు తాను వేరుగా తిరుగుతానన్నాడు. ఆ తర్వాతి మాటలు జరిగినవి జరిగినట్టు రాశాను. రాసేది నేనైతే తీర్పు కూడా నాకే వస్తుందని వాడి అనుమానం. అందుకే వాడి మాటలు వాడి చేతే దిద్దించాను. కుండలీకరణాల్లో ఉన్నవి మాత్రం పూర్తిగా నావి.

తమ్ముడు: అక్కా, నేను పోట్లాటకు రాలేదు. రేపు నువ్వు రైలెక్కి హుయే వెళ్లు. నేను ఉత్తరాన హా జియాంగ్ వెళ్లి, ఆ కొండ దారి చుట్టి, హనోయ్‌కి తిరిగొచ్చి, విమానంలో డా నాంగ్ దిగుతాను. అక్కడ కలుద్దాం.

అక్క: రేపటి రైలు పేరు తెలుసా? థోంగ్ న్యాత్. అంటే ఏకీకరణ. ఫ్రెంచివాళ్లు 1936లో పూర్తిచేసిన మీటర్‌గేజి లైను. యుద్ధాల్లో తెగిపోయి, మళ్లీ 1976లో హనోయ్ నుంచి సైగాన్ దాకా కలిసింది. 1,726 కిలోమీటర్లు. అలాంటి రైలెక్కబోయే ముందు రోజు విడిపోదామంటావా?

తమ్ముడు: దేశం 1954లో విడిపోయి ఇరవై రెండేళ్లకు కలిసింది. నేను ఆరు రోజులే అడుగుతున్నాను.

(రైలు పేరు నేను ఎత్తుతానని వీడికి ముందే తెలుసు. ఇది అప్పటికప్పుడు తోచిన జవాబు కాదు.)

అక్క: అసలు ఆ కొండల్లో ఏముంది?

తమ్ముడు: డాంగ్ వాన్ సున్నపురాయి పీఠభూమి. 2010 నుంచి యునెస్కో జియోపార్కుల జాబితాలో ఉంది. చుట్టి రావడానికి దాదాపు 350 కిలోమీటర్లు. ఆ దారిలో కొంత భాగానికి 'సంతోష మార్గం' అని పేరు. 1959 నుంచి 1965 దాకా యువకులు చేతి పనిముట్లతో తొలిచారు. మా పి లెంగ్ కనుమ దగ్గర నడుముకు తాళ్లు కట్టుకుని, కొండకు వేలాడుతూ రాయి కొట్టారు. అక్కడ నిలబడితే కింద లోయలో నో క్వే నది ఆకుపచ్చ దారంలా కనిపిస్తుంది. హుయేలో న్గుయెన్ రాజుల కోట బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ పదమూడు రోజుల్లో నేను చూసినవన్నీ నువ్వు చదివి వచ్చినవే. ఇది ఒక్కటే నేను చదివింది.

అక్క: ఎలా వెళ్తావు?

తమ్ముడు: మోటారు సైకిలు అద్దెకు తీసుకుని.

అక్క: ఏ లైసెన్సుతో?

తమ్ముడు: మన రవాణా ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకున్నాను కదా.

అక్క: దాని అట్ట మీద ఏ సంవత్సరం ఉందో చూశావా? 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రాకపోకల ఒప్పందం ప్రకారం అచ్చు వేసింది అది. వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చినవి. పోలీసులు ఆపితే జరిమానా. కాలు విరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది ఆ కాగితమే. చెల్లదంటే ఆసుపత్రి ఖర్చంతా మన నెత్తిన. నేను బ్యాంకులో పనిచేసేదాన్నిరా, చిన్న అక్షరాలు చదవడమే నా ఉద్యోగం.

తమ్ముడు: సరే, నడపను. వెనక కూర్చుంటాను. స్థానికులే బండి నడుపుతూ చుట్టూ తిప్పి తీసుకొస్తారు. అక్కడ అది మామూలే.

అక్క: మరి ఆ మాట మొదటే ఎందుకు చెప్పలేదు?

తమ్ముడు: బేరంలో మొదటి ధర చెప్పి దిగిరావాలని నిన్న బజారులో నువ్వే అన్నావు.

(ఈ దెబ్బ నాకు తగిలింది. వెంటనే డబ్బు సంగతి తీశాను. అది నా అసలు ఆయుధం.)

అక్క: నువ్వు ఒంటరిగా డబ్బు ఖర్చుపెడితే ఏమవుతుందో మూడో రోజే చూశాం. కొబ్బరి బోండాం ఎంత? ఇరవై వేల డాంగ్‌లు. నువ్వు ఇచ్చింది ఎంత? అయిదు లక్షలు. రూపాయికి మూడు వందల డాంగ్‌ల లెక్కన, డెబ్బై రూపాయల లోపు బోండాంకు పదహారు వందల పైచిలుకు.

తమ్ముడు: రెండు నోట్లూ నీలంగానే ఉంటాయి. చీకటి పడింది. పైగా ఆ అమ్మాయి మన వెనక పరుగెత్తుకొచ్చి ఆ నోటు తిరిగి ఇచ్చింది.

అక్క: అందరూ పరుగెత్తుకు రారు.

తమ్ముడు: డబ్బు సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. నా పాస్‌పోర్టు ఎక్కడ ఉంది?

అక్క: నా సంచిలో.

తమ్ముడు: ఎందుకు?

అక్క: భద్రంగా ఉంటుందని.

తమ్ముడు: వియత్నాం ప్రభుత్వం ఈ-వీసా మనిద్దరికీ విడివిడిగా ఇచ్చింది. నా ఇరవై అయిదు డాలర్లు నేనే కట్టాను. విమానాశ్రయంలో ముద్ర వేయించుకుని ఇవతలికి వచ్చానో లేదో, చెయ్యి చాచావు. నేనూ ఇచ్చేశాను, బడిలో ప్రోగ్రెస్ కార్డు ఇచ్చినట్టు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పదమూడు రోజులుగా నా పాస్‌పోర్టు నీ పాస్‌పోర్టుతో కలిసి ఒకే రబ్బరు బ్యాండులో ఉంది.

(నిజమే. ఎర్ర బ్యాండు, కూరగాయల కట్టకు వచ్చింది. దాచి ఉంచాను.)

అక్క: అక్కను కాబట్టి పెట్టుకున్నాను. ఈ దేశంలో ఆ మాటకు విలువ ఉంది. 'నువ్వు', 'మీరు' అని ఊరికే అనరు ఇక్కడ. ఎదుటివాళ్లు పెద్దా చిన్నా చూసుకుని అక్క, అన్న, తమ్ముడు అని వరస కలిపే మాట్లాడతారు. మన పల్లెల్లో లాగే. అక్కను 'చి' అంటారు.

తమ్ముడు: మన శుభలేఖల్లో 'చి.' అంటే చిన్నవాళ్లు. ఇక్కడికొచ్చి పెద్దరికం సంపాదించుకుంది. సరే, తమ్ముడిని 'ఎమ్' అంటారని కూడా చెప్పు. అదే మాటతో మొగుడు పెళ్లాన్ని పిలుస్తాడని కూడా చెప్పు. నిన్ బిన్‌లో ఏం జరిగింది?

(నిన్ బిన్ హోటల్లో మాకు ఇచ్చిన గదిలో ఒకటే మంచం. దాని మీద తువ్వాళ్లను మడిచి చేసిన రెండు హంసలు, ముక్కులు ఆనించుకుని. చుట్టూ గులాబీ రేకులు. కింద కౌంటరు దగ్గర 'చి ఎమ్, చి ఎమ్' అని ఇద్దరం వేళ్లతో చూపించుకున్నాక గది మార్చారు. హంసల్ని మాత్రం కొత్త గదికి కూడా తెచ్చి, చెరో మంచం మీద ఒక్కొక్కటి పెట్టారు.)

అక్క: అది వాళ్ల పొరపాటు.

తమ్ముడు: విడివిడిగా ఉంటే ఆ పొరపాటుకు తావే ఉండదు.

అక్క: శనివారం సంగతి ఏమిటి? ఆ రోజు నేను మాంసం, చేప ముట్టను. ఇక్కడ తోటకూర వేపుడులోనూ చేప సాస్ పోస్తారు. నువ్వే కదా వంటగదిలోకి తొంగిచూసి చెప్పేది?

తమ్ముడు: 'చాయ్' అంటే చాలు. నీకు వచ్చు.

(చాయ్ అని బోర్డు చూసి మొదటి రోజు టీ కోసం లోపలికి వెళ్లాం. టోఫూ, పుట్టగొడుగులు వేసిన అన్నం వచ్చింది. ఇక్కడ చాయ్ అంటే శాకాహారం. టీని హనోయ్‌లో 'చా' అంటారు. చివర ఒక్క యకారం ఎక్కువైతే భోజనం వస్తుంది.)

తమ్ముడు: అయినా నీ బాధ శాకాహారం కాదు. హోటల్లో ఎప్పుడైనా ఒక్కదానివే కూర్చుని తిన్నావా?

(తినలేదు. ఆఫీసు పని మీద ఏ ఊరు వెళ్లినా గదికే పార్శిల్ తెప్పించుకుంటాను. నలభైకి దగ్గర పడ్డాను. ఈ సంగతి వీడితో ఎప్పుడూ అనలేదు.)

అక్క: మాట మార్చకు. అమ్మ రోజూ సాయంత్రం ఆరున్నరకు వీడియో కాల్ చేస్తుంది. మనకు అప్పటికి ఎనిమిది. ఇద్దరి ముఖాలూ కనబడాలి. ఏమని చెబుతాం? నేను అబద్ధం ఆడను.

తమ్ముడు: నిజమే చెబుదాం. ముగ్గురం ఒకే కాల్‌లో ఉంటే ఒక గడిలో నువ్వు, ఒక గడిలో నేను.

అక్క: అమ్మ ఆ రాత్రి నిద్రపోదు.

తమ్ముడు: అమ్మ సంగతి వదిలెయ్. బావను వదిలి ముప్పై అయిదు రోజులు రాగలిగావు. నన్ను వదిలి ఆరు రోజులు ఉండలేవా?

అక్క: బావ ఇంట్లో ఉన్నారు. ఆయన ఎక్కడున్నారో నాకు తెలుసు.

(ఇక్కడ ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఎదురుగా ఒకాయన స్కూటరు వెనక చిన్న నారింజ చెట్టును, కుండీతో సహా, నిలువునా కట్టి తీసుకుపోయాడు. మామూలప్పుడైతే ఇద్దరం ఒకేసారి ఫోన్లు తీసేవాళ్లం.)

తమ్ముడు: ఒకటి అడుగుతాను, కోప్పడకు. హుయే తర్వాత 'మీ సోన్' గుళ్లు కదా?

అక్క: అవును. నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అనే రాజు, ఇక్కడి పాత చంపా రాజ్యాన్ని ఏలినవాడు, భద్రేశ్వరుడనే శివుడికి గుడి కట్టించిన చోటు. సంస్కృత శాసనాలున్నాయి. ఇటుకకు ఇటుక ఎలా అతికించారో చూస్తే తెలియదు, మధ్యలో సున్నం గీత కనిపించదు. 1969లో అమెరికా బాంబులకు పెద్ద గోపురం కూలిపోయింది. మన పురావస్తు శాఖ వాళ్లు అక్కడ మరమ్మతులు చేస్తుంటే 2020లో ఏకశిలా శివలింగం...

తమ్ముడు: చూశావా?

అక్క: ఏమిటి?

తమ్ముడు: నేను ఇంకా అక్కడికి వెళ్లనే లేదు, మొత్తం చూసేశాను. నువ్వు చూపించవు అక్కా, చెబుతావు. బాగా చెబుతావు, అందులో గొడవ లేదు. కానీ ఇక్కడ హనోయ్‌లో సాహిత్య ఆలయం దగ్గర తాబేళ్ల మీద నిలబెట్టిన రాతి పలకలు చూస్తున్నప్పుడు, నాకు ముందు తాబేళ్లు చూడాలనిపించింది. నువ్వు అప్పటికే పలకల లెక్క మొదలుపెట్టావు.

(ఎనభై రెండు. లెక్క చెప్పకుండా ఉండలేను.)

అక్క: అయితే హుయే కోటలో నేను గోడలతో మాట్లాడుకోవాలా?

తమ్ముడు: హుయే నువ్వు చూసెయ్. మీ సోన్ మాత్రం నేను వచ్చేదాకా ఆపు. డా నాంగ్ నుంచి డెబ్బై కిలోమీటర్లే. ఆ రోజు ఎంత చెబితే అంత వింటాను. మా పి లెంగ్ గురించి మాత్రం నేను చెబుతాను, నువ్వు వింటావు. ముందుగా చదవకూడదు.

అక్క: రెండో బెర్తు రద్దు చేస్తే కోత పడుతుంది.

తమ్ముడు: నేను కట్టుకుంటాను.

అక్క: బండి నడిపేవాడు తాగి ఉంటే ఎక్కకు.

తమ్ముడు: ఎక్కను.

అక్క: హెల్మెట్ గడ్డం కింద పట్టీ పెట్టుకో.

తమ్ముడు: అక్కా.

(సంచి తీసి ఎర్ర రబ్బరు బ్యాండు విప్పాను. రెండింటి అట్టలూ ఒకేలా ఉంటాయి. తెరిచి చూసి వాడిది వాడికి ఇచ్చాను. చొక్కా జేబులో పెట్టుకోబోయి, నేను చూస్తున్నానని గమనించి, లోపలి సంచిలో పెట్టి జిప్ లాగాడు. బ్యాండు నా మణికట్టుకు వేసుకున్నాను.)

అక్క: అయిదు లక్షల నోటు మీద ఇల్లు ఉంటుంది. కిమ్ లియెన్‌లో హో చి మిన్ చిన్నప్పటి ఇల్లు. ఇరవై వేల నోటు మీద...

తమ్ముడు: వంతెన. హోయ్ ఆన్‌లో ఉంది. నువ్వు చెప్పావు, మూడో రోజు రాత్రి.

(కాఫీ డబ్బులు తాను ఇస్తానని లేచాడు. లోపల బల్ల దగ్గర రెండు నీలం నోట్లు పక్కపక్కన పట్టుకుని దీపం వైపు తిప్పడం మొదలుపెట్టేసరికి నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. ఎంత ఇచ్చాడో అడగలేదు.)