విరిగిన ఆక్సా బ్లేడు ముక్క గారికి

హన్మకొండ నుంచి ఒక ట్రాలీ (చిన్న సరుకుల బండి) ఓనర్ నమస్కరించి రాయునది.

తమరు సగానికి విరిగి, ఇనుము కోయడానికి పనికిరాకుండా పోయిన రోజే తమరికి ప్రమోషన్ వచ్చింది. అప్పటి నుంచి మా మెకానిక్ చొక్కా జేబులో ఉంటూ, వచ్చిన ప్రతి పెట్రోలు బండికీ స్పార్క్ ప్లగ్గు గ్యాప్, అంటే రవ్వ దూకే సందు, తమరే నిర్ణయిస్తున్నారు. మోపెడ్‌కైనా, కారుకైనా, నా రెండు సిలిండర్ల ట్రాలీకైనా ఒకటే కొలత. తమరికి పక్షపాతం లేదు.

నా బండి పుస్తకంలో గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు అని ఉంది. తమరి మందం దాదాపు 0.65. ఈ మాటంటే మెకానిక్ నవ్వాడు. "పుస్తకం సదివి బండి బాగుజేస్తరా అన్నా? ఇరవై ఏండ్ల సంది గిట్లనే పెడుతున్న."

సరే, 0.65 అయినా నా రెండు ప్లగ్గులకీ ఒకేలా పెడితే సర్దుకునేవాణ్ణి. కానీ తమరికి రెండు ముఖాలాయె. పళ్లు అటూ ఇటూ వంచి ఉంటాయి కాబట్టి ఆ అంచు వీపు కన్నా మందం. మొదటి ప్లగ్గులో తమరి వీపు దూర్చాడు, రెండోదాంట్లో పళ్లు. పైనున్న వంపు ఎలక్ట్రోడ్‌ను పానాతో టక్కున కొట్టి, ఒక కన్ను మూసి, ప్లగ్గును ఆకాశానికేసి చూసి "ఓకే" అన్నాడు. మా పంతులు ముహూర్తం కూడా అంత శ్రద్ధగా చూడడు.

తెల్లారి స్టేషన్ ఘన్‌పూర్‌లో మిర్చి బస్తాలు ఎక్కించుకుని ఎనుమాముల మార్కెట్‌కు బయల్దేరాను. గ్యాప్ తగ్గిన సిలిండరులో రవ్వ చిన్నది, అందుకే బండి ఆగిన చోటల్లా గజగజ. గ్యాప్ ఎక్కువైనదాని కథ కాజీపేట రైల్వే బ్రిడ్జి మీద తెలిసింది. లోడు మీద సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, రవ్వ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ వోల్టేజీ ఇచ్చే మన కాయిల్ వల్ల కాలేదు. సగం ఇంజన్‌తో దేకుతుంటే వెనక ఆర్టీసీ బస్సు హారన్. మార్కెట్ చేరేసరికి జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిపోయింది. రైతు నన్ను ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఆ సాయంత్రమే ఫీలర్ గేజి, అంటే సందులు కొలిచే సన్నని రేకుల కట్ట, కొన్నాను. ఇంజన్ చల్లారాక ప్లగ్గులు విప్పితే పళ్ల గ్యాప్‌ది నల్లగా మసి. శుభ్రం చేసి, పక్క ఎలక్ట్రోడ్‌ను మాత్రమే కొంచెం కొంచెం వంచి, 0.8 రేకు సందులో దూర్చి లాగితే కాస్త పట్టుకునేట్టు పెట్టాను. నడుమ ఎలక్ట్రోడ్ మీద బరువు పెడితే పింగాణీ చిట్లుతుంది, దాని జోలికి పోలేదు. మళ్లీ బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాను. ఈసారి బండి ఆగిన చోట ఇంజన్ గజగజలాడలేదు.

గేజి చూపిద్దామని మెకానిక్ దగ్గరికి వెళ్లాను. చాలా ఆసక్తిగా తీసుకుని, దాని రేకుల పక్కన తమరి వీపు పెట్టి కొలిచాడు.

"చూసినవా అన్నా, కరెక్టు 0.65! మన బ్లేడు తప్పేం లేదు" అని తమరిని తుడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే వెనక ఇంకో ట్రాలీ లైన్లో ఉంది.

ఇట్లు,
తమరి పళ్ల దెబ్బ తిన్న ఒక కస్టమర్