ఆ ‘అయిదు సూత్రాలు’ ఇక నాకు పంపకండి

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగిన దగ్గర్నుంచి, గట్టిగా వాన పడినప్పుడల్లా ఈ మెసేజ్ వస్తూనే ఉంది: ‘విపత్తు తర్వాత మనసు గట్టిపడటానికి అయిదు సూత్రాలు’. పంపేది తెలిసినవాళ్లే, చదివి పంపితే బాగుండు.

ముందు అయిదోది. ‘చచ్చిపోతా అనేవాళ్లు చావరు. పట్టించుకుంటే ఇంకా ఎక్కువ చేస్తారు.’ రాసిన మహానుభావుడికో దండం. ప్రాణం తీసుకున్నవాళ్లలో చాలామంది అంతకుముందు ఎవరితోనో ఏదో ఒక రూపంలో ఆ మాట అన్నవాళ్లే. ఆటో నీళ్లలో పాడైంది, ఫైనాన్స్ వాడు గుమ్మంలో ఉన్నాడు, ‘నేను పోతే మీరైనా హాయిగా ఉంటారు’ అన్నాడు ఆ ఆటో నడిపేవాడు. ఊరికే అంటాడులే అని టీవీ సౌండ్ పెంచుకుందామా? అప్పుల లెక్కలన్నీ హఠాత్తుగా భార్యకు అప్పజెప్పినా, కుమిలిపోతున్నవాడు ఉన్నట్టుండి నిమ్మళించినా అనుమానించాలి. ‘చావాలనిపిస్తోందా అన్నయ్యా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. మాత్రలు, పురుగుమందు అందకుండా తీసేయండి. 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పోలీసు కేసవుతుందని నోరు మూసుకునేవాళ్లు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి తెలుసుకోండి: ప్రాణం తీసుకోబోయినవాణ్ణి తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు అంటుందది.

నాలుగోది: నిద్ర పట్టకపోతే ఓ పెగ్గు. మొదటి వారాల్లో నిద్ర చెడటం, చప్పుడుకి ఉలిక్కిపడటం చాలామందికి ఉంటుంది, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. నెల దాటినా ఆ నీళ్లే కళ్లముందు ఆడుతూ, ఆ వీధిలో అడుగు పెట్టలేక, పనికి పోలేక ఉంటే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి, వైన్ షాపుకి కాదు.

మూడోది: కూర్చోబెట్టి జరిగిందంతా కక్కించాలట. తనంతట తాను చెబితే వినండి. గుచ్చి గుచ్చి అడగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ముందు అన్నం, పొడిబట్టలు, తప్పిపోయినవాళ్ల ఆచూకీ.

రెండోది: పిల్లలకేమీ గుర్తుండదట! మేడ మీంచి పడవలోకి దిగిన పిల్లాడు చినుకు పడగానే స్కూలు బ్యాగు అటకెక్కిస్తాడు, ఆరేళ్లొచ్చాక మళ్లీ పక్క తడుపుతాడు. మరిచిపోవడమంటే ఇదే కాబోలు.

ఇక మొదటిది, పసుపు పాలా? తాగండి, పాలే కదా.

అట్టడుగున ‘గుడికెళ్లండి, నలుగురితో కలిసి భజన చేయండి’ అని ఇంకో వాక్యం. దీన్నీ ఏకుదామనే కూర్చున్నాను గానీ, ఇది నిజం. పాత అలవాట్లు, నలుగురి తోడు తిరిగి దొరికితే మనిషి తొందరగా తేరుకుంటాడు. గుడైనా, మసీదైనా, చర్చయినా, సందు చివర టీ కొట్టయినా సరే. పంపక తప్పదనుకుంటే ఆ వాక్యమూ, ఆ ఫోన్ నంబరూ పంపండి, చాలు.