తెలిసిన విషయం నుంచే తెలియని ఇంగ్లిష్

శ్రీకాకుళంలో బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ), రైల్వే పరీక్షలకు శిక్షణ ఇచ్చే కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో ఇంగ్లిష్ పదాల పుస్తకాలను స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతుంటారు. పుటకు ఎడమవైపు ఇంగ్లిష్ పదం, దాని పక్కన తెలుగు అర్థం, ఆ పక్కన సమానార్థకాలు, చివరి వరుసలో వ్యతిరేక పదాలు ఉంటాయి. కొన్ని నెలలు వాడిన పుస్తకాన్ని తెరిచి చూస్తే 'ఎ', 'బి' అక్షరాల పుటలు అంచులు నలిగి, పెన్ను గీతలతో నిండి ఉంటాయి. 'ఎమ్' దాటిన పుటలు కొన్ననాటి తెలుపుతోనే ఉంటాయి. ఆ పుస్తకం కొన్న పిల్లల శ్రద్ధను శంకించవలసిన పని లేదు. తెల్లవారుజామునే లేచి మైదానంలో పరుగు తీసి, స్నానం చేసి క్లాసుకు వచ్చి, రాత్రి పదకొండు దాకా చదివే పిల్లలు వారు. అయినా అబాండన్, అబేట్, అబ్‌హార్ అన్న వరుసను గడగడా అప్పజెప్పగలిగిన అభ్యర్థి ఇంగ్లిష్ దినపత్రిక సంపాదకీయం మూడో పేరా దగ్గర ఆగిపోతున్నాడు. అంత కష్టానికి ఇంత తక్కువ ఫలితం రావడం అన్యాయం, దానికి కారణం జాబితాను నమ్ముకున్న పద్ధతే.

ఉన్నత స్థాయి ఇంగ్లిష్ పదసంపద ఒకే విషయాన్ని ఇంగ్లిష్‌లో పదేపదే చదవడం వల్ల ఏర్పడుతుందనీ, ఆ విషయం చదువరికి తెలుగులో ముందే బాగా తెలిసినదై ఉంటే ఆ పని సగం సులువవుతుందనీ ఈ వ్యాసం వాదిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులకు అటువంటి విషయాలకు కొదవ లేదు.

ముందు అంకెలు చూద్దాం. అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి, భారతీయ విద్యార్థుల ఇంగ్లిష్ కష్టాలను దగ్గరగా చూసిన మైఖేల్ వెస్ట్ 1953లో సుమారు 2000 మూలపదాల జాబితాను ప్రచురించారు. మామూలు రాతలో మనకు ఎదురయ్యే పదాల్లో అత్యధిక భాగం ఆ రెండు వేలలోనివే. మన పదో తరగతి, ఇంటర్ పాఠాలు ఎంతో కొంత ఆ మెట్టు దాటిస్తాయి. ఆ తరువాతే అసలు ఇబ్బంది మొదలవుతుంది. న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం నవలలు, దినపత్రికల వంటివి ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే 8000 నుంచి 9000 పద కుటుంబాలు తెలిసి ఉండాలి. ఇండికేట్, ఇండికేషన్, ఇండికేటర్ వంటివన్నీ కలిపి ఒక కుటుంబం. అంత తెలిసినప్పుడు పుటలోని పదాల్లో నూటికి 98 అర్థమవుతాయి, యాభై పదాలకు ఒకటి మాత్రమే తెలియనిది తగులుతుంది. రెండు వేలకూ ఎనిమిది వేలకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని బట్టీ పట్టి దాటవచ్చునన్న ఆశే జిరాక్స్ పుస్తకాలను అమ్మిస్తోంది.

ఆ ఆశ ఎందుకు ఫలించదో పరిశోధనలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నాయి. నేర్చినదానిలో అధిక భాగం మొదటి గంటల్లోనే, మొదటి రోజుల్లోనే జారిపోతుందని జర్మన్ మనోవైజ్ఞానికుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తనమీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించారు. నేర్చినది నిలవాలంటే విరామాలిచ్చి మళ్లీ మళ్లీ ఎదుర్కోవాలి. ఒక పదం చదువరి సొంతం కావాలంటే వేర్వేరు వాక్యాల్లో కనీసం పది సార్లయినా కంటపడాలన్న అభిప్రాయం ఈ రంగంలో బలంగా ఉంది. జాబితాలో పదం ఒక్కసారే వస్తుంది, అదీ వాక్యం లేకుండా వస్తుంది. ఇంకొక సంగతి మన కోచింగ్ సెంటర్లవారు తప్పక గమనించాలి. అర్థంలో దగ్గరగా ఉండే పదాలను, వ్యతిరేక పదాలను ఒకే దఫాలో కొత్తగా నేర్పితే అవి ఒకదానితో ఒకటి కలగలిసి గుర్తుపట్టడం కష్టమవుతుందని 1990ల నుంచి జరిగిన ప్రయోగాల్లో కొన్ని సూచించాయి. మన పుస్తకాలు సరిగ్గా ఆ పద్ధతిలోనే తయారవుతున్నాయి. అమెరికా చదువులకు వెళ్లేవారు రాసే జీఆర్ఈ పరీక్ష సైతం 2011లో వ్యతిరేక పదాల ప్రశ్నలను తొలగించి, సందర్భాన్ని బట్టి పదాన్ని గ్రహించే ప్రశ్నలకు ప్రాధాన్యం పెంచింది.

ఇక మన జిల్లా సంగతికి వద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో విస్తరించిన ఉద్దానం దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధితో బాధపడుతోంది. అక్కడ బడికి వెళ్లని పెద్దలు కూడా డయాలసిస్ అంటారు, సీరం క్రియాటినిన్ అంటారు, ఆ అంకె ఎంత దాటితే ప్రమాదమో చెబుతారు. పలకడానికీ రాయడానికీ కష్టమైన ఆ మాట ఏ జాబితా నుంచీ వారికి రాలేదు. ప్రతి రక్తపరీక్ష కాగితం మీదా కనిపించి, ప్రతి డాక్టరు నోటా వినిపించి, ఇంట్లో మనిషి ఆయువుతో ముడిపడి ఉండడం వల్ల అది స్థిరపడింది. ఇది బాధాకరమైన చదువు, ఎవరూ కోరుకోనిది. పదం ఎలా అబ్బుతుందో చెప్పడానికి మాత్రం ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు తెలియదు.

అయితే క్రియాటినిన్ వంటి సాంకేతిక పదాలు వచ్చినంత మాత్రాన ఉద్దానం మీద ఇంగ్లిష్‌లో వచ్చిన ఒక నివేదిక అర్థం కాదు. ఉదాహరణకు ఇటువంటి వాక్యం తీసుకుందాం: 'ది హై ప్రివలెన్స్ ఆఫ్ కిడ్నీ డిసీజ్ కెనాట్ బి ఆట్రిబ్యూటెడ్ టు ఎనీ సింగిల్ ఫ్యాక్టర్.' వ్యాధి ఇంత ఎక్కువగా ఉండడానికి ఫలానా ఒక్కటే కారణమని చెప్పలేమన్నది దాని భావం. కిడ్నీ, డిసీజ్ అందరికీ తెలుసు. ఆగవలసి వచ్చేది ప్రివలెన్స్ దగ్గర, ఆట్రిబ్యూట్ దగ్గర. ఇవి అటు నిత్య వ్యవహార పదాలూ కావు, ఇటు ఒక శాస్త్రానికి మాత్రమే చెందిన పదాలూ కావు. ఇటువంటి మధ్య పొరలోని పదాల్లో చదువులన్నింటా కనిపించేవాటిని భాషా పరిశోధకురాలు ఏవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో 570 కుటుంబాలుగా క్రోడీకరించారు. ఆట్రిబ్యూట్, ఫ్యాక్టర్, హైపాథసిస్, సిగ్నిఫికెంట్ అందులోనివే. ఏ శాస్త్రానికి చెందిన రచన తీసుకున్నా దానిలో దాదాపు పదో వంతు ఈ పదాలే ఉంటాయి. మన విద్యార్థి అసలు తడబాటు ఇక్కడే. పదో తరగతి మార్కులతో ఎచ్చెర్ల మండలంలోని ట్రిపుల్ ఐటీలో చేరిన గ్రామీణ విద్యార్థికి ఫిజిక్స్ సూత్రం కంటే దాని చుట్టూ ఉన్న ఇంగ్లిష్ వాక్యం ఎక్కువ భయపెడుతుంది. సూత్రంలోని పదాలను లెక్చరర్ వివరిస్తారు. మధ్య పొర పదాలు వచ్చే ఉంటాయనుకొని ముందుకు సాగుతారు.

ఆ విద్యార్థి ఉద్దానం మీద ఇంగ్లిష్‌లో వచ్చిన పది వ్యాసాలను ఒక నెల పాటు వరుసగా చదివితే ఏమవుతుంది? తాగునీరు, నేలలోని సిలికా, ఎండలో పని, పురుగుమందులు అంటూ కారణాల మీద జరిగిన చర్చంతా అతనికి తెలుగు పత్రికల ద్వారా తెలుసు. కనుక బుద్ధి విషయం దగ్గర చిక్కుకోదు, పూర్తిగా భాష మీదే నిలుస్తుంది. మూడో వ్యాసానికి ప్రివలెన్స్ పాత ముఖమవుతుంది. ఐదో వ్యాసానికి ఆట్రిబ్యూట్ వెనక 'టు' వస్తుందని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. విషయం మారనందువల్ల పదాలు తిరిగి వస్తాయి. పది విషయాల మీద పది వ్యాసాలు చదివితే ఈ మేలు దక్కదు, ప్రతిచోటా కొత్త పదాలే ఎదురై నిఘంటువుతోనే పొద్దు గడిచిపోతుంది.

తుపాను మరొక మంచి విషయం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ కొబ్బరి, జీడి తోటలను ఎలా కూల్చిందో ఆ ప్రాంతపు కుటుంబాలన్నింటికీ గుర్తే. ఆ తుపాను మీద వచ్చిన ఇంగ్లిష్ కథనాల్లో ల్యాండ్‌ఫాల్, ఇనండేట్, అప్‌రూట్, ఎవాక్యుయేట్, రిహాబిలిటేషన్ తప్పనిసరిగా వస్తాయి. పదంతో పాటు దాని జతగాళ్లు కూడా వస్తాయి. మనం పెద్ద గాలి, పెద్ద వాన అని రెండింటికీ ఒకే విశేషణం వాడుకుంటాం. ఇంగ్లిష్ గాలిని 'స్ట్రాంగ్' అంటుంది, వానను 'హెవీ' అంటుంది. ఏ వ్యాకరణ సూత్రమూ దీనికి కారణం చెప్పదు, అది వాడుక. జాబితాలో 'హెవీ' ఎదుట బరువైన అని చదువుకున్న విద్యార్థి వాన గురించి రాయవలసి వచ్చినప్పుడు ఆ పదాన్ని తలచుకోడు. తిత్లీ కథనాలు చదివినవాడికి 'హెవీ రెయిన్' రెండు మాటలుగా కాక ఒకే మాటగా గుర్తుంటుంది. ఉన్నత స్థాయి పదసంపద అన్నప్పుడు అరుదైన పదాల మీదకే దృష్టి పోతుంది గానీ, తెలిసిన పదాల జతలు సరిగా తెలియడమే అందులో పెద్ద భాగమని నా దృఢమైన అభిప్రాయం. ఇంటర్వ్యూ బోర్డు ముందు అభ్యర్థి ఇంగ్లిష్ ఎక్కడ పట్టుబడుతుందో గమనిస్తే ఇది అర్థమవుతుంది.

నోట్‌బుక్ రాసుకునే తీరు కూడా దీన్ని బట్టే మారాలి. పదం, అర్థం అని రెండు గడులు గీసే బదులు ఆ పదం కనిపించిన వాక్యాన్ని పూర్తిగా ఎత్తి రాసుకోవాలి, కింద తన ఊరికో తన ఇంటికో సంబంధించిన సొంత వాక్యం ఒకటి చేర్చాలి. ఆ పుటను మరునాడు, వారానికి, నెలకు తిరగెయ్యాలి. ఫోన్‌లో ఈ విరామాలను లెక్కగట్టి గుర్తుచేసే యాంకీ వంటి యాప్‌లు ఉన్నాయి. అవి లేకపోయినా తారీఖు వేసిన నోట్‌బుక్ చాలు.

తెలుగు మీడియం విద్యార్థి చేతిలో ఉన్నా ఎవరూ గుర్తుచెయ్యని బలం ఒకటి ఉంది. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరొక చోటికి లాక్కుపోతుందని చెప్పే సంస్కృత శ్లోకానికి ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం ఉదాహరణలు. తెలుగు వ్యాకరణ పాఠంలో ఉపసర్గలు చదువుకున్న పిల్లలకు ఇది పరిచితమే. ఇంగ్లిష్‌లోని చదువుల పదాల్లో ఎక్కువ భాగం లాటిన్, గ్రీకు మూలాలవి కాబట్టి అక్కడా అదే యంత్రాంగం పనిచేస్తుంది. మోయడం అనే అర్థమున్న 'పోర్ట్' ధాతువు ముందు ఉపసర్గ మారినప్పుడల్లా ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, సపోర్ట్, రిపోర్ట్ అవుతుంది. మొదటి మూడింటిలో మోత స్పష్టంగా కనబడుతుంది. రిపోర్ట్‌లో వార్తను మోసుకురావడంగా మారి ధాత్వర్థం మరుగునపడింది, సంహారంలో తీసుకుపోవడం అనే అర్థమున్న 'హృ' ధాతువుకు జరిగినట్టే. కాబట్టి మూలాన్ని బట్టి అర్థం ఊహించి ఊరుకోకూడదు, ఊహను వాక్యంతో సరిచూసుకోవాలి. ఇంగ్లిష్ తరగతిలో సందర్భం వచ్చినప్పుడు తెలుగు వ్యాకరణాన్ని ఇలా తలచుకునే అధ్యాపకులు మరింతమంది కావాలి.

తెలుగును తరగతి గదిలోకి రానివ్వకపోతేనే ఇంగ్లిష్ వస్తుందన్న నమ్మకంతో నేను ఏకీభవించను. కొత్త పదానికి మాతృభాషలో అర్థం చెప్పడం వేగవంతమైన, నిక్కచ్చి అయిన మార్గమని నేషన్ వంటి పరిశోధకులు సమర్థించారు. అర్థం తెలిసిన మీదట వాడుక కోసం ఇంగ్లిష్–ఇంగ్లిష్ నిఘంటువుకు వెళ్లాలి, అదీ నేర్చుకునేవారి కోసం ప్రత్యేకంగా రాసినదానికి. ఆ కోవ నిఘంటువుల్లో పేరుపొందినది ఒకటి ఇంగ్లండ్‌లో పుట్టలేదు. జపానులో ఇంగ్లిష్ బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ బృందం తయారుచేయగా 1942లో అక్కడే వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ప్రపంచానికి చేరింది. క్రియ వెనక ఏది వస్తుందో, నామవాచకాన్ని లెక్కపెట్టవచ్చునో లేదో అది చెబుతుంది. ఇంట్లో ఇంగ్లిష్ వినని మనకు అవసరమైనవి ఆ వివరాలే.

పరాయి భాషను ఎలా పట్టుకోవాలో చూపిన మహనీయుడు మన జిల్లాలోనే పుట్టారు. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకోదలచినప్పుడు ఆయనకు నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. భాష తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకొని, సవరల మాటలు, పాటలు, కథలు విని రాసుకొని, వాడుక నుంచి పదాలను ఏరుకున్నారు. ఆ తరువాతే 1931లో సవర భాషా వివరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. మొదట మనుషులతో మాట, చివర జాబితా. మనం ఇంగ్లిష్‌ను తలకిందుల క్రమంలో నేర్పుతున్నాం.

పోటీ పరీక్షల్లో సమానార్థకాల ప్రశ్నలు ఇంకా వస్తున్నందువల్ల జాబితాను పూర్తిగా పారేయమనడం అభ్యర్థికి మేలు చేయదు. చదువు సాగుతుండగా పరీక్షకు ముందు నెలలో తెలిసినవాటిని సరిచూసుకోవడానికి అది పనికివస్తుంది. కళాశాలల ఇంగ్లిష్ విభాగాలు మాత్రం ఇంతకంటే ఎక్కువ చేయగలవు. ఉద్దానం, తుపానులు, పలాస జీడిపప్పు, తేలినీలాపురం పక్షులు, ఒడిశాతో వంశధార జలాల వివాదం మీద ఇంగ్లిష్‌లో వచ్చిన కథనాలు, ప్రభుత్వ నివేదికల భాగాలు ఏరి, ఒక్కో విషయానికి ఎనిమిదో పదో చొప్పున, తేలికైనవి ముందు కఠినమైనవి వెనక వచ్చేలా కూర్చవచ్చు. విజయనగరం వారికి జనపనార మిల్లులు, గరివిడి, చీపురుపల్లి ప్రాంతపు మాంగనీసు, బొబ్బిలి వీణ ఉన్నాయి. ప్రతి సంపుటి చివర పదాల పట్టికకు బదులు, చదివినదాని మీద విద్యార్థి ఒక పుట ఇంగ్లిష్‌లో రాసి, తరగతిలో ఐదు నిమిషాలు మాట్లాడే పని పెట్టాలి. ఆ సంపుటాలను కోచింగ్ సెంటర్ పక్కనున్న అదే జిరాక్స్ షాపులో, అదే స్పైరల్ బైండింగ్‌తో, ఇప్పుడు పదాల పుస్తకానికి పెడుతున్న ఖర్చుతోనే విద్యార్థులకు అందించవచ్చు.