నల్లటి కొప్పు ఒకటి దొరికింది

జుత్తున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. లేనమ్మ ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ లేనమ్మని నేనే. రెండేళ్ళ కిందట టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గాక రెండు నెలలకి జుత్తు రాలడం మొదలైంది. దువ్విన ప్రతిసారీ దువ్వెన నిండిపోయేది. "జ్వరాల తర్వాత ఇది మామూలేనమ్మా, మళ్ళీ వస్తుంది" అన్నారు డాక్టరుగారు. వచ్చింది. కాకపోతే పోయినంత రాలేదు. ఇప్పుడు జడ వేస్తే ఎలకతోక, ముడి వేస్తే ఉసిరికాయ.

అందుకని మొన్న పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి విజయనగరం పుట్టింటికి బయల్దేరేటప్పుడు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి నా తల బాధ్యత తను తీసుకుంది. ఆన్‌లైన్లో ఒక పెట్టె తెప్పించింది. అందులో వంద గ్రాముల జుత్తు. ప్లాస్టిక్కు కాదు, అసలు మనిషి జుత్తే. ఖరీదు మా ఆయనకి సగమే చెప్పాం.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తిరుమలలో నువ్వు మూడు కత్తెరలు ఇచ్చావు కదా. దేవస్థానం వాళ్ళు తలనీలాలు వేలం వేస్తారు. నీది నీకే తిరిగొచ్చి ఉంటుంది" అన్నారు.

మా అమ్మయితే చూడగానే పోల్చేసింది. "ఇది సవరమే కదే! మా అమ్మ రాలిన జుత్తంతా ఉండ చుట్టి గోడ గూట్లో దాచి, సవరం కట్టించుకునేది. పైసా ఖర్చు లేదు."

"సవరం కాదు అమ్మమ్మా, ఎక్స్‌టెన్షన్."

"ఏదైతే ఏటి, నెత్తిమీద నిలబడాలి గానీ."

ఆ మాట మేమిద్దరం పట్టించుకోలేదు.

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను. ఆ పొద్దున్నే తలంటు పోసుకున్నాను, అమ్మ సాంబ్రాణి పొగ వేసింది. జుత్తు పట్టుకుచ్చులా జారుతోంది. జారే జుత్తుకి క్లిప్పులు పట్టవని అప్పుడు నాకు తెలియదు. మా అమ్మాయికి తెలుసట, కానీ తిరునాళ్ళ రోజున తలంటు వద్దంటే అమ్మమ్మ ఊరుకోదని చెప్పలేదట.

కొప్పు కట్టడానికి గంటంబావు పట్టింది. ముందు నడినెత్తిన పిలక వేసి, దానికి ఒక స్పాంజి చక్రం తొడిగింది. దాన్ని డోనట్ అంటారట. అచ్చం నీళ్ళబిందె కింద పెట్టుకునే చుట్టకుదురు. తర్వాత మెడ దగ్గర జుత్తుని పాయ తీసి, కుదుళ్ళని కాస్త చిక్కు దువ్వి, ఎక్స్‌టెన్షన్ క్లిప్పుల్ని తలకిందులుగా పెట్టింది. కొప్పు పైకి కట్టేటప్పుడు అలాగే పెట్టాలట, లేకపోతే వెనకనుంచి చూసేవాళ్ళకి క్లిప్పులు పళ్ళికిలిస్తాయట. అప్పుడు ఆ జుత్తంతా చక్రం చుట్టూ తిప్పి, పైన సన్నటి వల కప్పి, పిన్నులు గుచ్చడం మొదలుపెట్టింది.

మామూలు నల్ల పిన్నుకి ఒకవైపు వంకర్లుంటాయి కదా, ఆ వంకర్ల వైపు తలకి ఆనాలట. నేను ముప్పై ఏళ్ళుగా తిరగేసి పెట్టుకుంటున్నాను. ఈ సంగతి తెలిసినప్పుడు కలిగినంత బాధ నాకు ఇంటర్ మార్కులు చూసినప్పుడు కూడా కలగలేదు.

అమ్మ తన ఇనప పిన్నుల డబ్బా, నల్ల ఊలు దారం పట్టుకొచ్చింది. "నాలుగు చుట్లు చుట్టి బిగించు. పెళ్ళిలో నాకు మా పిన్ని అలాగే కట్టింది, మూడో రోజుకి గానీ ఊడలేదు."

మా అమ్మాయి రెండు చేతులూ అడ్డం పెట్టింది. రోజూ బిగించి కడితే నుదుటి దగ్గరా, చెవుల పైనా జుత్తు కుదుళ్ళతో సహా పోతుందట. దానికి ట్రాక్షన్ అలోపీషియా అని పేరు కూడా ఉందట. అందుకని రబ్బరు బ్యాండు నిషేధం, ఊలు దారం నిషేధం. జుత్తుకి వేసే మెత్తటి ఊదారంగు సాటిన్ గుడ్డ బ్యాండు ఒకటి, దాన్ని స్క్రంచీ అంటారట, కొసలకి గుండ్రటి బొడిపెలున్న పిన్నులు పదకొండు. "అమ్మా, నొప్పిగా ఉందా?" అని ప్రతి పిన్నుకీ అడిగింది. నిజం చెప్పాలంటే ఏమీ తెలియలేదు. తలమీద కొప్పుందన్న సంగతి కూడా తెలియలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

అద్దంలో చూసుకుంటే మాత్రం నన్ను నేనే గుర్తుపట్టలేదు. కొబ్బరికాయంత కొప్పు! దానిచుట్టూ అమ్మ రెండు మూరల కనకాంబరాలూ మరువమూ తురిమింది. ఎదురింటి పిన్నిగారు వెనకనుంచి చూసి, "ఓలమ్మో, ఎవులమ్మా ఈ కొత్త కోడలు!" అన్నారు. నాకు నలభై ఆరు. ఆ తర్వాత పది నిమిషాలు నేను ఎవరికీ ముఖం చూపించలేదు, వీపే చూపించాను.

సాయంత్రానికి మూడు లాంతర్ల సెంటరు వైపు వెళ్ళాం. మేడల మీద జనం, గోడల మీద జనం. సిరిమానుకి ముందు నడిచేవి ఒక్కొక్కటే వచ్చాయి. పాలధార వచ్చింది, తెల్ల ఏనుగు వచ్చింది, అంజలి రథం వచ్చింది. బెస్తవారి వల వచ్చినప్పుడు మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "వాళ్ళదీ వలే, నీదీ వలే. ఎవరిది గట్టిదో చూద్దాం" అన్నారు. ఈయన నోట ఏ మాట వచ్చినా జరుగుతుంది, మంచి మాట తప్ప.

సిరిమాను కదిలింది. 50, 60 అడుగుల చింతమాను, చిట్టచివర కుర్చీలో పూజారిగారు, ఊగుతూ వస్తున్నారు. "జై పైడిమాంబ" అని జనమంతా ఒక్క గొంతుతో అరిచారు. భక్తులు మొక్కుకుని సిరిమాను మీదకి అరటిపళ్ళు విసురుతారు, తెలిసిందే కదా. అన్నీ అంత ఎత్తుకి చేరవు. చేరనివి ఎక్కడో ఒకచోట దిగాలి.

నేను చేతులెత్తి దండం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తల వెనక మెత్తగా ఏదో తగిలింది. మరుక్షణం తలంతా తేలికైపోయింది. ఏళ్ళ తరబడి మోస్తున్న బరువేదో దిగిపోయినట్టు. తల్లీ, ఇన్నాళ్ళకి దయ తలిచావా అనుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. రెండోసారి సిరిమాను తిరిగొచ్చేదాకా అదే పరవశంలో ఉన్నాను.

అప్పుడు మైకు వినపడింది. తప్పిపోయిన పిల్లల గురించి చెప్పే మైకు.

"ఎర్ర గౌను వేసుకున్న మూడేళ్ళ పాప మా దగ్గరుంది, తల్లిదండ్రులు వెంటనే రావాలి. అలాగే నల్లటి కొప్పు ఒకటి దొరికింది. కనకాంబరాలున్నాయి. సంబంధించినవారు వచ్చి గుర్తులు చెప్పి తీసుకెళ్ళగలరు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే ఎక్కువ. ఎవరో పాపం, అనుకున్నాను. పక్కకి తిరిగితే మా అమ్మాయి నవ్వడం లేదు. నా తలవైపే చూస్తోంది.

చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఉసిరికాయ మాత్రం ఉంది.

పమిట తలమీదుగా కప్పుకుని జనాన్ని తోసుకుంటూ వెళ్ళేసరికి, బల్ల మీద ఎర్ర గౌను పాప కూర్చుని, నా కొప్పుని ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. పిల్లిపిల్ల అనుకున్నట్టుంది. పక్కన ఒక ముసలమ్మగారు అది తనదేనని గట్టిగా వాదిస్తున్నారు. ఆవిడ తలా బోసిగానే ఉంది మరి, తప్పు పట్టలేం.

మహిళా కానిస్టేబులు కొప్పుని పాప దగ్గర్నుంచి బతిమాలి తీసుకుని, "గుర్తులు చెప్పండమ్మా" అంది.

"నావి నల్ల పిన్నులు" అన్నారు ముసలమ్మగారు, చాలా తెలివిగా.

"ఊదారంగు స్క్రంచీ, పదకొండు పిన్నులు" అన్నాను.

కానిస్టేబులు వల విప్పి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. స్క్రంచీ కలిసింది. పిన్నులు పదే ఉన్నాయి. ముసలమ్మగారి కళ్ళు మెరిశాయి.

నేను పమిట తీసి, నా ఉసిరికాయలో వెతికి, పదకొండో పిన్ను లాగి బల్ల మీద పెట్టాను.

ఇక ఎవరూ మాట్లాడలేదు. కానిస్టేబులు పుస్తకం నా ముందుకు తోసి సంతకం పెట్టమంది. 'దొరికిన వస్తువు' అన్నచోట ఆమె అప్పటికే రాసి ఉంచింది: 'కొప్పు - 1, అరటిపండు - 1 (లోపల).'

"పండు కూడా మీదేనా అమ్మా?" అని అడిగింది.