బావగారి లెన్సుకు దూరం కరువైంది

మా బావగారు ఏ పని మొదలెట్టినా ముందు సామాను కొంటారు. వంట నేర్చుకుందామనుకున్న ఏడాది ఇంటినిండా కత్తులొచ్చాయి, వంట మాత్రం ఇప్పటికీ అక్కే చేస్తోంది. అందుకే డాలస్ నుంచి ఫోన్ చేసి, "గలాపగోస్ దీవుల్లో చిన్న పడవ మీద టూరు బుక్ చేశాం, నువ్వూ రా" అన్నప్పుడు నేనడిగిన మొదటి మాట "లెన్సు కొన్నారా?" అనే. కొన్నారు. 600 ఎంఎం. ఆనపకాయంత ఉంది.

"జంతువులు బెదరకుండా అల్లంత దూరం నుంచే ఫొటోలు లాగేయొచ్చు బావమరిదీ!"

ఎక్వడార్ తీరానికి పడమరగా దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి ఆ దీవులు. కొత్త మొక్క, కొత్త పురుగు అక్కడికి చేరకూడదని విమానం ఎక్కకముందే సామానంతా తనిఖీ చేస్తారు. అక్క పోపుడబ్బాలో ఆవాలు, మెంతులు అక్కడే పోయాయి. లెన్సును ఎవరూ ఏమీ అనలేదు. పోవాల్సింది పోలేదని అక్క చాలాసేపు గొణిగింది.

పడవలో పదహారు మందిమి. రాత్రంతా ఊగుతూ ప్రయాణం, తెల్లారేసరికి ఎస్పాన్యోలా దీవి. రబ్బరు పడవ దిగకముందే గైడు రూల్స్ చెప్పాడు. ఏ జంతువుకైనా రెండు మీటర్ల దూరంలో ఉండాలి, ముట్టుకోకూడదు, ఫ్లాష్ వెయ్యకూడదు, దారి పక్కన పాతిన గుంజలు దాటకూడదు. బావగారు లెన్సు నిమురుతూ చిన్నగా నవ్వారు. రెండు మీటర్లేం ఖర్మ, రెండొందల మీటర్లన్నా ఆయనకు ఓకే.

దిగీ దిగగానే దారికి అడ్డంగా ఒక సముద్రపు ఇగువానా, పేద్ద బల్లిలా. బావగారు గురి పెట్టారు. లెన్సు లోపల గిర్రున ఏదో తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. మూడు మీటర్లలోపు ఉన్నదేదీ దానికి ఆనదని అప్పుడు తెలిసింది.

సముద్రం అడుగున అగ్నిపర్వతాలు బద్దలై లేచిన దీవులివి. ఏ ఖండానికీ ఎప్పుడూ అతుక్కుని లేవు. నేల మీద వేటాడే పెద్ద మృగాలు ఇక్కడికి చేరనే లేదు కాబట్టి, మనిషిని చూస్తే పారిపోవాలన్న ఆలోచనే వీటికి లేదు. 1835లో వచ్చిన డార్విన్ ఒక గద్దను తుపాకీ గొట్టంతో కొమ్మ మీంచి తోశానని రాసుకున్నాడు. తుపాకీయే దండగైన చోట 600 ఎంఎం దేనికి?

బావగారు వెనక్కి జరిగారు. "సెన్యోర్, వెనకాల బూబీ!" అని గైడు కేకేశాడు. తిరిగి చూస్తే నీలిరంగు పాదాల పక్షి ఒకటి దారి మధ్యలో ఒక్కో కాలూ ఎత్తి దించుతూ పెళ్లానికి కాబోలు డాన్సు చూపిస్తోంది. పక్కకు జరుగుదామంటే గుంజలు. ఈలోగా ఇగువానా తీరిగ్గా ఆయన బూటు దాకా వచ్చింది. ఆయన వంగారు. అది ఫుస్సుమని చీదింది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును ఇగువానాలు ఇలాగే ముక్కులోంచి చిమ్మేస్తాయని గైడు సంబరంగా వివరిస్తుంటే, బావగారు లెన్సు అద్దం మీది తెల్లటి చుక్కలు చొక్కాతో తుడుచుకున్నారు.

"ఆ రెండు మీటర్ల రూలు వీటికెవరూ చెప్పలేదా?" అన్నారు.

మధ్యాహ్నం గార్డ్‌నర్ బే. తెల్లటి ఇసుక, ఇసుకంతా సీల్ జాతి సీ లయన్లు. బావగారు లెన్సు బ్యాగు కింద పెట్టారు. ఒక పిల్ల సీ లయన్ దేక్కుంటూ వచ్చింది, బ్యాగును వాసన చూసింది, దానిమీద గడ్డం ఆనించి నిద్రపోయింది.

ముట్టుకోవడానికి లేదు. తల్లి తన పిల్లను వాసనతో కూడా గుర్తుపడుతుందట, మన వాసన అంటితే కష్టమట. గైడు చప్పట్లు కొట్టాడు. పిల్ల ఒక కన్ను తెరిచి, మూసింది. ఐదున్నరైంది. ఆరు దాటితే దీవి మీద టూరిస్టు ఉండకూడదు, గైడుకు టెన్షన్. మిగతావాళ్లంతా ఫోన్లు తీసి చుట్టూ చేరారు.

"ఏవండీ, మీరు కాస్త అవతలికి జరగండి, ఫ్రేములో అడ్డొస్తున్నారు" అంది అక్క.

ఆయన అలిగి, ఒడ్డున కూర్చుని దూరంగా లంగరేసిన మా పడవనే టకటకా తీసుకున్నారు. ఆరింటికి కాస్త ముందు నీళ్లలోంచి తల్లి అరిచింది, పిల్ల వెళ్లిపోయింది. బ్యాగుకు చేపల కంపు మిగిలింది.

పడవెక్కగానే రోజూ వేడి చాక్లెట్ ఇస్తారు. ఆ రోజు లేదు. చల్లారిపోతే పారబోశానని వంటాయన చాలా బాధపడ్డాడు.

రాత్రి బావగారు ఫొటోలు తిప్పుతుంటే అన్నీ మసకే, చివర్లో తీసిన పడవ ఫొటోలు తప్ప. మొదటి దాంట్లో డెక్ మీద ట్రే, ట్రే నిండా కప్పులు, పక్కన వంటాయన, ఇంజను చూసే కుర్రాడు. ఒక్కో ఫొటోకీ ట్రేలో కప్పులు తగ్గుతూ వచ్చాయి. ఆఖరి దాంట్లో వంటాయన మూతి తుడుచుకుంటున్నాడు.

బావగారికి కోపం రాలేదు సరికదా, పిలిచి మరీ చూపించారు.

"మీసం మీద చాక్లెట్ నురుగు చూశావా బావమరిదీ? ఏం క్లారిటీ!"