పోస్టు రద్దయినా డ్యూటీ మానని 13వ నంబరు గారు

కంప్యూటర్ అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 13వ నంబరు, శ్రీమాన్ క్యారేజ్ రిటర్న్ గారు. టెలిటైప్ మోడల్ 33 అనే పాత టైపు యంత్రం రోజుల్లో ఆయనది గట్టి కొలువే. సెకనుకు 10 అక్షరాలు కొట్టే ఆ యంత్రంలో, వరుస చివరికెళ్లిన అచ్చు బండిని ఎడమ అంచుకు లాక్కురావడానికి ఒక్క అక్షరమంత సమయం చాలేది కాదు. అందుకని ముందు ఈయన బయల్దేరేవారు. వెనకాలే 10వ నంబరు లైన్ ఫీడ్ కాగితం జరిపేలోగా బండి ఇల్లు చేరేది. ఇప్పుడు బండీ లేదు, కాగితమూ లేదు. వరుస ముగిసిందని చెప్పడానికి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లైన్ ఫీడ్ ఒక్కడితోనే సంసారం ఈదుతోంది. విండోస్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాత్రం ఈయన వరుసవరుసకీ హాజరు వేయించుకుంటూనే ఉన్నారు.

కనపడకపోవడమే ఆయన ప్రత్యేకత. షెల్ స్క్రిప్టు (యూనిక్స్ ఆదేశాల ఫైలు) మొదటి వరుసలో, దాన్ని నడిపే బ్యాష్ పేరు వెనక నక్కితే, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నల్ ఆ తోకతో సహా వెతికి, అలాంటి ఫైలే లేదంటుంది. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) చివరి గడిలో "అవును" అని ఉన్నా, వెనక ఈయన అంటుకుని ఉంటే పోలిక కుదరదు. ఏముందో చూద్దామని ఎకో ఆదేశంతో తెర మీద చూపిస్తే, కర్సర్‌ను వరుస మొదటికి ఈడ్చి, తర్వాతి అక్షరాలను పాతవాటి మీద రుద్దిస్తారు. పాత ఉద్యోగం మరిచిపోలేదు మరి!

పట్టుకోవాలంటే ఫైలును తెర మీద చూపే క్యాట్ ఆదేశానికి మైనస్ వి తగిలించండి. వరుస చివర టోపీ గుర్తు, పక్కన ఎం కనిపిస్తే ఆయనే. విమ్ ఎడిటర్‌ను నమ్ముకోవద్దు. కొన్ని వరుసల్లోనే ఉంటే బయటపెడుతుంది. ఫైలంతా ఆయనే ఉంటే మారు మాట్లాడకుండా డాస్ (విండోస్ తరహా) ఫైలుగా లెక్కేసుకుని ఆయన్ను దాచేస్తుంది. ఒక్కడు తింటే లంచం, అందరూ తింటే మామూలు.

సాగనంపడానికి డాస్‌టుయూనిక్స్ అనే ఆదేశానికి ఫైలు పేరిస్తే చాలు. అది లేనిచోట అక్షరాలను తీసేసే టీఆర్ ఆదేశానికి మైనస్ డి, కొటేషన్ గుర్తుల మధ్య ఈయన సంకేతమైన బ్యాక్‌స్లాష్ ఆర్ ఇచ్చి, ఫలితాన్ని వేరే పేరుతో దాచండి. అదే పేరు ఇచ్చారో, టీఆర్ ఒక్క అక్షరం చదవకముందే షెల్ ఆ ఫైలును సున్నా బైట్లు చేస్తుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. పైగా టీఆర్‌కు విచక్షణ లేదు, వరుస మధ్యలో ఉన్నవాళ్లనూ ఊడ్చేస్తుంది. వెతికి మార్చే జీఎన్‌యూ సెడ్ ఆదేశమైతే, నమూనాలో వరుస చివరను సూచించే డాలర్ గుర్తు పెడితే, చివర ఉన్నవాణ్ణే తీస్తుంది. బొమ్మల మీద ఈ ప్రతాపం వద్దు: పీఎన్‌జీ బొమ్మ ఫైళ్ల మొదటి 8 బైట్లలో 13, 10 జంటను కావాలనే కూర్చోబెట్టారు, ఎవరు చెయ్యి పెట్టినా దొరికిపోయేలా.

కోడు మార్పులను భద్రపరిచే గిట్‌లో షెల్ ఫైళ్లకు ఈఓఎల్ ఎల్ఎఫ్ (వరుస ముగింపు లైన్ ఫీడే) అని గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలులో రాయకపోతే, పక్క సీటాయన విండోస్‌లో ఆటోసీఆర్ఎల్ఎఫ్ సెట్టింగు పుణ్యమా అని ఈయన మళ్లీ జాయినింగ్ రిపోర్టు ఇస్తారు.

పాపం అనిపిస్తే ఈమెయిల్ పంపే పద్ధతి ఎస్ఎంటీపీకి బదిలీ చేయించండి. అక్కడ 13, 10 జంటగా వస్తేనే వరుస ముగిసినట్టు లెక్క. పోస్టు ఇప్పటికీ పర్మనెంటే.