మధుమేహ వర్గీకరణ గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ మధుమేహ వర్గీకరణ గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాం. కానీ 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో నిలబడ్డారని తేల్చింది. కాబట్టి కుశలం మీ ఒక్కరికే వదిలేస్తున్నాం. మీరు ఏటికేడు కొత్త పేర్లతో కళకళలాడుతున్నారని వింటున్నాం, సంతోషం.

మీది పాత వంశమే. మన ఆయుర్వేదంలో ప్రమేహాలు, అంటే షుగరు లాంటి మూత్ర రోగాలు, ఇరవై: కఫం పేర పది, పిత్తం పేర ఆరు, వాతం పేర నాలుగు. పుట్టుకతో వచ్చేది వేరు, తిండి అదుపు తప్పి వచ్చేది వేరు అనీ, ఒక రోగి బక్కగా, ఇంకొకరు లావుగా ఉంటారనీ సుశ్రుతుడు ఏనాడో రాశాడు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అనే డాక్టర్లు ఒక కుక్కకు ఇన్సులిన్ తయారుచేసే క్లోమం తీసేసి దానికి షుగరు తెప్పించారు. 1936లో బ్రిటిష్ డాక్టరు హిమ్స్‌వర్త్ గారు ఇన్సులిన్‌కు లొంగే రకం, లొంగని రకం అని రెండుగా విడదీశారు. లొంగేవాళ్లు ఎక్కువగా బక్కవాళ్లట. అంటే ఇంత ప్రయోగశాల పెట్టుకుని సుశ్రుతుడి ఇంటి ముందుకే వచ్చారన్నమాట.

1980లో ఇన్సులిన్ మీద ఆధారపడేది, ఆధారపడనిది అని పేర్లు మార్చారు. ఆ రెండో రకంవాళ్లు రోజూ పొట్టలో సూది గుచ్చుకుంటుంటే ఏం చెప్పాలో తెలియక, 1990ల చివర్లో ఆ పేర్లు ఎత్తేసి మొదటిదానికి టైప్ 1, రెండోదానికి టైప్ 2 అని అంకెలే ఉంచారు. ఆ పనిలోనే ఫాస్టింగ్ హద్దును 140 నుంచి 126కు దించారు. రాత్రి మామూలుగా పడుకున్నవాళ్లు తెల్లారేసరికి పేషెంట్లయ్యారు. ప్రీడయాబెటిస్, అంటే షుగరు గుమ్మంలో నిలబడ్డ దశ, సంగతి ఇంకా బాగుంటుంది. పిల్లల దగ్గరికి డల్లాస్ వెళ్లిన మన పెద్దాయనకు ఫాస్టింగ్ 105 వస్తే అమెరికా డయాబెటిస్ సంఘం లెక్కలో ఆయన గుమ్మంలో ఉన్నట్టు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వీధిలోనే ఉన్నట్టు. మైసూర్‌పాక్ తినాలో వద్దో ఆయనే ఓటింగ్ పెట్టుకోవాలి.

ఇవన్నీ పెద్దింటి ముచ్చట్లు, సర్దుకుపోతాం. మా అసలు ఫిర్యాదు తెల్లకార్డు గురించి.

1955లో హ్యూ-జోన్స్ అనే డాక్టరు జమైకాలో మీ రెండు గళ్లలోనూ పట్టని రోగుల్ని చూశారు. వయసులో చిన్నవాళ్లు, బక్కపలచటివాళ్లు. షుగరు ఆకాశంలో ఉంటుంది, ఇన్సులిన్ బోలెడు కావాలని అప్పటి లెక్క, అయినా టైప్ 1లో లాగా ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకోవు. మన దేశంలోనూ అలాంటివాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లకు పోషకాహార లోపపు మధుమేహం అని కార్డు ఇచ్చింది. 1999లో ఆ కార్డు రద్దు చేసింది. కారణం, ఆకలి వల్ల షుగరు వస్తుందనడానికి సాక్ష్యం చాలదట. బాగానే ఉంది. కానీ పేరు లేని రోగం మీద పరిశోధనకు డబ్బిచ్చేదెవరు? వెతకలేదు కాబట్టి సాక్ష్యం దొరకలేదు, దొరకలేదు కాబట్టి కార్డు లేదు. మండలాఫీసు గుమాస్తా కూడా ఇంత చక్కగా ఫైలు తిప్పలేడు.

వింతేమిటంటే కరువు మీ పేపర్లలో ఎప్పుడూ ఉంది. 1962లో నీల్ అనే జన్యుశాస్త్రవేత్త, షుగరుకు కారణం కరువును తట్టుకున్న పూర్వీకుల జన్యువులన్నారు. 1992లో హేల్స్, బార్కర్ అనే బ్రిటన్ పరిశోధకులు తప్పును అమ్మ కడుపులోని కరువు మీదికి తోశారు. సిద్ధాంతానికి కరువు కావాలి, కరువులో పుట్టిన మనిషికి మాత్రం గడి లేదు!

చివరికి 2022లో వెల్లూరు సీఎంసీ డాక్టర్లు, అమెరికా పరిశోధకులు కలిసి కొలిచి చూస్తే, వీళ్లలో ఇన్సులిన్ తయారీయే తక్కువ, టైప్ 2లో లాగా ఇన్సులిన్‌కు లొంగని మొండితనం లేదు అని తేలింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దీనికి టైప్ 5 అని పేరు పెట్టింది. ఇదింకా తేలలేదనే పండితులూ ఉన్నారు, వాళ్ల వాదన వాళ్లది. ఈలోగా టైప్ 1 అనుకుని, ఇంట్లో రెండు పూటలా తిండి లేనివాడికి మోతాదు పెంచి ఇన్సులిన్ ఇస్తే షుగరు ప్రాణం మీదికొచ్చేలా పడిపోతుంది. ఆ సంగతి వాదన తేలేదాకా ఆగదు కదా.

ఇక స్వీడన్ వాళ్లు 2018లో లెక్కలు కట్టి షుగరు ఐదు గుంపులన్నారు. 2020లో చెన్నై పరిశోధకులు అదే పద్ధతి మనవాళ్ల మీద వేస్తే నాలుగు వచ్చాయి, అందులో రెండు స్వీడన్‌లో లేనే లేవు. ఈ గుంపులు తేలాలంటే ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ పరీక్ష కావాలి. మా ఊరి ల్యాబ్‌లో ఆ పేరు చెబితే టోకెన్ తీసుకుని కూర్చోమన్నారు, సాయంత్రం హైదరాబాద్ పంపాలన్నారు. డాక్టరు గారు ఈలోపే టైప్ 2 అని రాసి మెట్‌ఫార్మిన్ మాత్రలు ఇచ్చేశారు.

కాబట్టి తమరు దయచేసి, ఇకపై ఎవరి కార్డయినా రద్దు చేసేముందు ఆ మనిషి ఇంటికొచ్చి విచారణ చేయవలసిందిగా ప్రార్థన. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉన్న జెనీవా నుంచి రావడం కష్టమైతే వెల్లూరుకు రైళ్లున్నాయి.

ఇట్లు,
టైప్ తేలని మీ విధేయుడు

తా.క.: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 జాబితాలో ‘వర్గీకరించనిది’ అని ఒక గడి పెట్టారు. మీ మొత్తం కాగితాల్లో మాకు నచ్చింది అదొక్కటే. దానికి దరఖాస్తు ఫారం ఉంటే పంపగలరు.